కార్డు గుడ్డి వైపు

మా అక్క నన్ను "తొందరమ్మా" అని పిలిచి ఆరేళ్ళు దాటింది. అంతకుముందు రోజుకి ఇరవైసార్లు పిలిచేది. తను వాక్యం సగంలో ఉండగానే నేను జవాబు చెప్పేస్తే తొందరమ్మ. వేడి టీ గుటక వేసి నాలుక కాల్చుకుంటే తొందరమ్మ. బస్సు పూర్తిగా ఆగకముందే మెట్టు దిగితే తొందరమ్మ. యాభై దాటినదాన్ని, ఏళ్ళ తరబడి పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, నలుగురిలో ఆ పిలుపేమిటని దెబ్బలాడేదాన్ని. ఇప్పుడు ఆ పిలుపు ఒక్కసారి వినబడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకుంటున్నాను. మనిషి బుద్ధి అంతే, ఏం చేస్తాం.

అసలు సంగతి అర్థం కావాలంటే ముందు మా కార్డుల పద్ధతి చెప్పాలి.

పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ఆఫీసులో మూడో అంతస్తు, మెట్ల పక్క గది మాది. అక్కా నేనూ కలిసి గణితానికీ భౌతికానికీ పదకోశం తయారుచేశాం. పదకొండేళ్ళు పట్టింది. తనవి లెక్కలు, నావి భౌతికం. ఒక్కో పదానికి ఒక్కో కార్డు. ముందు వైపు పదం, అది ఏ భాషలో పుట్టింది, ఎవరెవరి నోళ్ళు దాటి మన దాకా వచ్చింది, ఇవన్నీ రాయాలి. వెనక వైపు ఆ పదం పేరెత్తకుండా అదేమిటో చెప్పాలి. ఆ వెనక వైపుని మేం గుడ్డి వైపు అనేవాళ్ళం. రాసినవాళ్ళు గుడ్డి వైపు పైకి పెట్టి రెండో మనిషికి ఇస్తారు. ఆ నాలుగు ముక్కలూ చదివి, ఇది తప్ప ఇంకోటి కాదు అని పదం చెప్పేయగలగాలి. చెప్పగలిగితే కార్డు మూల మీద "దొరికింది" అని రాసి, పొడి అక్షరం పెట్టాలి. ఆ మాట లేని కార్డు ప్రెస్సుకి వెళ్ళడానికి లేదు. ఈ రూలు పెట్టింది అక్కే, ఇంకెవరు పెడతారు! అప్పాచెల్లెళ్ళిద్దరూ ఆఫీసుకొచ్చి పొడుపుకథలు వేసుకుంటున్నారని కింద అంతస్తుల్లో నవ్వేవాళ్ళు.

పదాల పుట్టుకలు చెప్పడంలో మాత్రం అక్కని కొట్టేవాళ్ళు లేరు. "సైన్" కార్డు నాకు కంఠతా వచ్చు. మన పాత లెక్కలవాళ్ళు వృత్తంలో ఆ గీతకి జ్య, జీవ అని పేర్లు పెట్టారు, రెండిటికీ అర్థం వింటి అల్లెతాడు. అరబ్బులు జీవని జీబ అని తమ అక్షరాల్లో రాసుకున్నారు. వాళ్ళ రాతలో అచ్చులు వదిలేస్తారు కాబట్టి తర్వాత చదివినవాళ్ళకి అది జైబ్ అయింది, అంటే గుండెల దగ్గర బట్ట మడత. లాటిన్‌లోకి మార్చినవాళ్ళు మడతకి తమ దగ్గరున్న మాట సైనస్ పెట్టేశారు. "ఇంకో తమాషా తెలుసా," అనేది అక్క, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని. "ఆ జైబే తిరిగి తిరిగి మన చొక్కాకొచ్చి జేబయింది. నీ జేబులో చేతిరుమాలు కాదే తొందరమ్మా, త్రికోణమితి ఉంది!" ఈ జోకు వందసార్లు వేసి ఉంటుంది. వందసార్లూ తనే ముందు నవ్వింది.

గొడవ వచ్చింది నా కార్డు దగ్గర. ఆ పదం గుప్తోష్ణం.

గిన్నెలో మంచుగడ్డ వేసి పొయ్యి మీద పెట్టండి. ధర్మామీటరు ఉంచండి. కింద మంట మండుతూనే ఉంటుంది, వేడి లోపలికి పోతూనే ఉంటుంది. అంకె మాత్రం సున్నా దగ్గర కూర్చుంటుంది. ఆఖరి పలుకు కరిగేదాకా కదలదు. కరిగించడానికి పట్టిన ఆ వేడే గుప్తోష్ణం. గుప్తం అంటే దాగినది. ఇంగ్లీషులో లేటెంట్ హీట్, దాని లాటిన్ మూలంలోనూ దాక్కుని ఉండటమే అర్థం. ముందు వైపు ఇదంతా ముచ్చటగా రాశాను. గుడ్డి వైపు "పదార్థంలో దాగి ఉండే వేడి" అని ఒక్క ముక్క రాసి అక్క ముందు పడేశాను.

"బొగ్గులో వేడి దాగి లేదా? అగ్గిపుల్లలో లేదా? ఇందులో ఏదని చెప్పను?" అంది.

ఇంకోలా రాశాను. "ఎవరికి భయపడి దాక్కుందే అది?" అంది. "దాక్కోలేదు. లోపల ఏదో పనిలో ఉంది. ఆ పనేమిటో చెప్పు."

మూడోసారి, నాలుగోసారి, ఆరోసారి. నాకు చిర్రెత్తుకొచ్చింది. "అది ఏ పదమో నీకు తెలుసుగా అక్కా!" అన్నాను.

"నాకు తెలుసు. నీ కార్డుకే తెలియలేదు," అంది, అదే నిదానంతో. ఆ నిదానం చూస్తే నాకు ఇంకా మండేది.

ఆ రోజు ప్రెస్సాయన గుమ్మంలో నిలబడ్డాడు. మిగతా రెండువేల నాలుగొందల కార్డులూ ముట్టాయి, ఈ ఒక్కదాని కోసం మిషన్ ఆపుకుని కూర్చున్నాం అన్నాడు. అక్క కళ్ళ పరీక్షకి వెళ్ళాల్సిన రోజు అది. "రేపు చూద్దాం, ఆగు," అని చెప్పి గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆగితే నేను తొందరమ్మని ఎందుకవుతాను? తన బల్ల మీది ఆకుపచ్చ సిరా పెన్ను తీశాను. తన చేతిరాతలో, పక్కకి వాలిన అక్షరాలతో, మూల మీద "దొరికింది" అని రాశాను. తన పొడి అక్షరం కూడా పెట్టాను. ప్రెస్సాయన పట్టుకుపోయాడు. మర్నాడు అక్క కార్డు అడిగితే, అది లేకుండానే అచ్చు మొదలుపెట్టారని చెప్పాను.

పుస్తకం వచ్చిన రోజు ఆఫీసంతా మా గదిలోనే ఉంది. అక్క అట్ట తడిమి చూసుకుంది, వాసన చూసింది, తర్వాత నేరుగా 'గ' దగ్గరికి తిప్పింది. చదివి, ప్రెస్సు నుంచి తిరిగొచ్చిన కార్డు సొరుగులోంచి తీసింది. చాలాసేపు చూసింది.

"ఇది నా చెయ్యి కాదు," అంది.

తప్పయిపోయిందక్కా అంటే సరిపోయేది. ఆ ఒక్క ముక్క నా నోటికి రాలేదు. "రెండువేల నాలుగొందల్లో ఒక్కటి! ఒక్క మాట! నీ చాదస్తానికి వదిలేస్తే మనం పోయాక వచ్చేది ఈ పుస్తకం," అన్నాను. అక్కడితో ఆగానా? "నీతో పనిచేసేవాళ్ళు ఎవరున్నారు? చెల్లెలిని కాబట్టి భరిస్తున్నాను," అన్నాను, అందరి ముందూ.

అక్క పెన్నుకి మూత పెట్టింది. "ఇక నువ్వూ భరించక్కర్లేదు," అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేసింది.

మా ఇళ్ళ మధ్య రెండు బస్సులు, గంట ప్రయాణం. ఆరేళ్ళలో ఒక్కసారి వెళ్ళలేదు. మొదట్లో తనే ఫోన్ చెయ్యాలని బింకం. తర్వాత ఇన్నాళ్ళకి వెళ్తే ఏమనుకుంటుందోనని సిగ్గు. ఆ తర్వాత రెండూ కలిసిపోయి ఏది ఏదో నాకే తెలియలేదు. నేను రిటైరయ్యేటప్పుడు ఆఫీసువాళ్ళు కార్డుల సొరుగులు పాతకాగితాలకి వేసేస్తామంటే ఆటో మాట్లాడుకుని పన్నెండు సొరుగులూ ఇంటికి తెచ్చుకున్నాను. పొద్దున్నే కాఫీ తాగుతూ ఒక కార్డు తీసేదాన్ని. అక్క రాసిన గుడ్డి వైపు చదివేదాన్ని. పదం చెప్పేదాన్ని, పైకే. వినేవాళ్ళు లేరు. అక్క కావాలనిపించేది. దెబ్బలాడటానికైనా సరే, అక్కే కావాలనిపించేది. గుప్తోష్ణం కార్డు ఒక్కటీ సొరుగులోంచి తీసి, బీరువాలో చీరల కింద పెట్టాను. ఆ ఆకుపచ్చ సిరా కంటబడితే ముద్ద దిగేది కాదు.

మొన్న వానాకాలంలో బావగారు ఫోన్ చేశారు. అక్కకి మెదడులో రక్తనాళం మూసుకుపోయి మూడు నెలలైందట. కుడి చెయ్యి సరిగ్గా లేవడం లేదు. అన్నీ అర్థమవుతాయి, మాటా వస్తుంది, పేర్లే రావడం లేదు.

"మూడు నెలలా? ఇప్పుడా చెప్పడం?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. పాపం, ఆయనేం చేస్తారు.

"నీకు చెప్పాలో వద్దో తెలియలేదమ్మా. ఇప్పుడు కూడా వేరే దిక్కులేక చేశాను. రోజంతా ఒకటే మాట, గుడ్డి వైపు, గుడ్డి వైపు అంటుంది. చూపు పోతోందేమోనని కళ్ళ డాక్టరుకి రెండుసార్లు చూపించాను. కళ్ళు భేషుగ్గా ఉన్నాయంటాడు."

ఫోన్ పట్టుకుని నవ్వాను. ఆ వెంటనే భోరుమన్నాను. ఆయన కంగారుపడిపోయారు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాను. అక్క ముందుగదిలో చేతుల కుర్చీలో కూర్చుని ఉంది. కుర్చీ తలుపుకి ఎదురుగా ఉంది. "కిటికీ వైపు తిప్పుతానంటే ఒప్పుకోదు. ఎప్పట్నించో అక్కడే," అన్నారు బావగారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి లేవబోయింది. "నువ్వు... నువ్వు..." అంది. పెదాలు కదిలాయి. ఏదీ రాలేదు. ఎడం చేత్తో కుర్చీ చేతిని ఫట్‌మని కొట్టింది. బస్సులో గంటసేపు నేను ఒకటే ఊహించుకున్నాను, తలుపు తీయగానే ఏమే తొందరమ్మా అంటుందని. అది కూడా పేరేగా. అన్ని పేర్లతోపాటు అదీ పోయింది.

అంతలో మాట నేర్పే అమ్మాయి వచ్చింది. బావగారు ఆవిడని డాక్టరమ్మ అంటారు. బొమ్మలున్న అట్టలు ఒక్కొక్కటే అక్కకి చూపించింది. తాళంచెవి బొమ్మ.

"చిన్నది," అంది అక్క. "పళ్ళుంటాయి. లోపలికెళ్ళి... తిరిగితే... ఒప్పుకుంటుంది."

డాక్టరమ్మ కాగితం మీద తప్పు గుర్తు పెట్టింది.

"తాళంచెవి!" అని అరిచాను.

అక్క నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు, పదకొండేళ్ళు బల్లకి అటు పక్కనుంచి చూసిన చూపే. తర్వాత బొమ్మ చొక్కా జేబు. అక్క ఒక్క క్షణం చూసి, గట్టిగా, నమ్మకంగా, "సైన్!" అంది.

డాక్టరమ్మ జాలిగా ఇంకో తప్పు పెట్టబోయింది. నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. అక్కా నవ్వుతోంది, నోరు ఒకవైపుకే వెళ్తోంది అయినా నవ్వుతోంది. అల్లెతాడు దగ్గర మొదలుపెట్టి జేబు దాకా కథంతా ఆ అమ్మాయికి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి తప్పు కొట్టేసింది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆపి అడిగాను. "పేర్లు తిరిగొస్తాయా?"

"వస్తువులవి మెల్లగా రావచ్చండీ. మనుషుల పేర్లే అన్నిటికంటే ఆలస్యం. కొందరికి రావు. మీరు రోజూ రండి, మీతో బాగా మాట్లాడుతున్నారు."

రోజూ వెళ్ళాను. ఒక సొరుగు సంచిలో పెట్టుకుని, ఒళ్ళో పట్టుకుని రెండు బస్సులు మారేదాన్ని. నేను గుడ్డి వైపు చదివితే అక్క పదం వెతుక్కునేది. చెంచా పేరు రాని మనిషికి త్రిభుజాల లంబకేంద్రం వచ్చింది. బావగారు నెత్తి కొట్టుకున్నారు. "మంచినీళ్ళు అడగడానికి మాట లేదు గానీ, లంబకేంద్రం ఉందా!"

అంతా బాగానే ఉంది. కానీ ఆ గొడవ అక్కకి గుర్తుందో లేదో నాకు తెలియలేదు. సిగ్గు విడిచి నిజం చెప్తున్నాను, పేర్లతోపాటు అదీ పోయి ఉంటే బాగుండని ఆశపడ్డాను. క్షమించమని అడిగే బాధ తప్పుతుంది కదా. ఎంత చవకబారు ఆశో నాకు తెలుసు.

నాలుగో రోజు 'గ' సొరుగు తీసుకెళ్ళాను. అక్క నన్ను చదవనివ్వలేదు. ఎడం చేత్తో కార్డులు ఒక్కొక్కటే వెనక్కి వాలుస్తూ పోయింది. గుణకం, గుణశ్రేణి. అక్కడ వేలు ఆగింది.

"ఒకటి... లేదు," అంది నా మొహంలోకి చూస్తూ.

గుర్తుందన్నమాట. "తెస్తానక్కా," అన్నాను.

మర్నాడు తెచ్చాను. డాక్టరమ్మ అప్పటికే వచ్చి అట్టలు సర్దుకుంటోంది. ఇంకొకరి ముందు తలవంచుకోవడమా అనిపించింది. అనిపిస్తే అనిపించనీ, ఆ మాటలన్నదీ అందరి ముందేగా. కార్డు అక్క ముందు పెట్టి ఆకుపచ్చ మూల మీద వేలు పెట్టాను.

"ఇది నేనే రాశాను. నీ చెయ్యి నేను వాడుకున్నాను. తప్పు నాది. ఆ రోజన్న మాటలు అంతకంటే తప్పు. ఆరేళ్ళ కిందట చెప్పాల్సింది."

అక్క నా వేలు పక్కకి జరిపింది. కార్డు తిప్పి, గుడ్డి వైపు తట్టింది. చదవమని.

"పాతది చదవను. కొత్తది చెప్తాను, విను," అన్నాను. రాత్రంతా తిప్పి తిప్పి రాసుకున్నది నోటికొచ్చేసింది. "కింద మంట ఆగదు. పైన అంకె కదలదు. చూసేవాళ్ళకి ఏమీ జరగడం లేదనిపిస్తుంది. లోపల మాత్రం గట్టిగా పట్టుకున్నవన్నీ ఒక్కొక్కటే పట్టు వదులుతుంటాయి. ఆ పట్టు విడిపించడానికి ఖర్చయ్యే వేడి."

అక్క కళ్ళు తుడుచుకుంది. డాక్టరమ్మ దగ్గర పెన్సిలు లాక్కుంది. ఎడం చేత్తో, వంకరటింకరగా, ఆ ఆకుపచ్చ "దొరికింది"ని కొట్టేసింది. కొత్తది రాస్తుందనుకున్నాను. రాయలేదు. పెన్సిలు కింద పెట్టేసింది.

"ఇది కూడా కాదా?" అన్నాను. గొంతులో కోపం నాకే వినబడింది.

"ఆగు," అంది అక్క.

డాక్టరమ్మకి ఈ గొడవేమీ అంతుపట్టలేదు. గోడ మీది ఫొటో తీసి అక్క ఒళ్ళో పెట్టింది. మా ఆఫీసు గది గుమ్మంలో ఇద్దరం, చెరో సొరుగు పట్టుకుని. "ఇవాళ మనుషుల పేర్లు చూద్దామమ్మా. ఇది మీరు. పక్కన ఎవరు?" అంది. నా వైపు తిరిగి, అందించవద్దని వేలు చూపించింది.

అక్క ఫొటోని చాలాసేపు చూసింది. పెదాలు రెండుసార్లు కూడబలుక్కున్నాయి. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని నేను కుర్చీ అంచుకి జరిగాను. పేరు రాలేదు.

"ఆగదు," అంది. "చిన్నప్పట్నించీ... ఆగదు. నేను చెప్పకముందే... చెప్పేస్తుంది. నేను రాయకముందే... రాసేస్తుంది."

"పేరండీ, పేరు చెప్పండి," అంది డాక్టరమ్మ మెల్లగా.

అక్క చెయ్యి అడ్డంగా ఊపింది. ఆవిడని కాదు, నన్నే చూస్తోంది.

"ఒక్కసారి... ఆగింది. ఆరేళ్ళు. నాకు కోపం... మొదటి నెలలోనే... పోయింది. చెప్పలేదు. రోజూ... తలుపు... చూశాను." ఊపిరి తీసుకుంది. "ఎవరు?"

వందల కార్డులకి అక్క వాక్యం పూర్తికాకముందే జవాబు చెప్పినదాన్ని. ఆ రోజు నా నోట్లోంచి ఒక్క అక్షరం రాలేదు. డాక్టరమ్మ నన్నూ అక్కనీ మార్చి మార్చి చూస్తోంది.

"దొరకలేదా?" అంది అక్క, కాస్త బెంగగా.

"దొరికిందక్కా," అన్నాను.

అక్క కార్డు నా ముందుకి జరిపి, పెన్సిలు నా చేతిలో పెట్టి, మూల మీద వేలితో తట్టింది. పదం దొరికినవాళ్ళే రాయాలని రూలు. కొట్టేసిన ఆకుపచ్చ మాట కింద కాస్త చోటుంది. అక్కడ "దొరికింది" అని నా చేతిరాతలోనే రాసి, నా పొడి అక్షరం పెట్టాను.